గోదావరీ మండలమున బాటసారి ధర్మములు

ధవళేశ్వరముకడ గోదావరి రెండుగా చీలి, తూర్పుపాయ గౌతమియనియు పడమటిపాయ వసిష్ఠయనియు పేరొంది, ఆ వసిష్ఠనుండి గన్నవరము చేరువను వైనతేయ విడివడి, ఈ పాయలన్నియు తమ నడుమ లంకలను, తోటలను, వరిచేలను పెంచుచు సముద్రమును చేరు నీ భూభాగమున, ఒక ఊరినుండి మరియొక ఊరికి పోదలచినవాడు పూర్వకాలమున దూరమును గూర్చి మొదట అడిగెడివాడు కాడు. దారిలో ఎన్ని రేవులున్నవి, ఏటిలో నీరెంత యున్నది, ఇది ఏ కార్తె, పొద్దెక్కకముందు చేరగల సత్రమేది అని అడిగెడివాడు. ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము తెలిసికొనియే మూట కట్టెడివాడు. వేడి దేశమునకు పోవువారికి ఉపకరించు సూచనలని నేడు మనము వేర్వేరుగా చెప్పుకొనునవన్నియు ఈ నాలుగింటిలో ఇమిడియే యున్నవి. మన పూర్వులు వానిని ఒక శాస్త్రముగా వ్రాసిపెట్టలేదు. పండుగల తిథులయందును, సత్రముల కట్టుబాటులయందును, రేవుల మర్యాదలయందును నిలిపిరి. ఆ చరిత్రను కొంత విచారించినచో నేటి బాటసారికి కావలసిన హితవు దానంతటదియే తేలును.

మొదట కాలమును గూర్చి చెప్పవలెను. ఈ మండలపు యాత్రలలో ప్రాచీనమైనది సప్తసాగరయాత్ర. గోదావరి తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వసిష్ఠ యను ఏడు పాయలుగా సముద్రమున కలియుచున్నదని పురాణప్రసిద్ధి. ఆ ఏడు సంగమములందును స్నానము చేయగోరు యాత్రికులు పుష్యబహుళ అమావాస్యనాడు కాకినాడ చేరువనున్న చొల్లంగిలో మొదటి స్నానము చేసి, తీరము వెంట దక్షిణముగా నడచి, మాఘశుద్ధ ఏకాదశినాటికి, అనగా భీష్మైకాదశినాటికి, వసిష్ఠ సాగరమున కలియు అంతర్వేది చేరుదురు. అచ్చట దశమిరాత్రి లక్ష్మీనృసింహస్వామి కల్యాణమును, ఏకాదశినాడు రథోత్సవమును జరుగును. ఈ దినములు జనవరి, ఫిబ్రవరి మాసములలో పడును. వరదలు తీసి, గాలివానల భయము తొలగి, నేల గట్టిపడి, ఎండ ఇంకను ముదురని కాలమది. ఉప్పుటేరులను దాటి, ఇసుకతిన్నెలపై దినముల తరబడి నడువవలసిన యాత్రకు ఇంతకంటె అనువైన కాలము ఈ తీరమున లేదు.

తక్కిన ఉత్సవములను పరికించినను ఈ విషయమే స్పష్టమగును. ద్రాక్షారామము, సామర్లకోట, పాలకొల్లు, భీమవరము మొదలగు క్షేత్రములను దర్శించు పంచారామయాత్ర కార్తికమున సాగును. కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభలతీర్థమునకు చుట్టుపట్ల గ్రామములనుండి ఏకాదశరుద్రుల ప్రభలు వచ్చును. ఆ ప్రభలను భుజములపై మోయువారు పంటచేలను త్రొక్కుచు, కౌశికలోని నీటికి దిగి దాటుచు వత్తురు. వరద తీయని దినములలో అట్టి ఉత్సవము ఊహింపనైన శక్యము కాదు. మాఘబహుళ చతుర్దశినాడు శివరాత్రికి కోటిపల్లి రేవు జనసముద్రమగును. కార్తికమునుండి శివరాత్రివరకు గల ఈ నాలుగు మాసములలోనే జనులను ఇల్లు కదలించిన ఈ పంచాంగమున భక్తితోపాటు, తరతరములుగా ఈ నేలపై నడచినవారి అనుభవమును ఉన్నదని నా దృఢమైన విశ్వాసము. పదునైదవ శతాబ్దమున శ్రీనాథుడు భీమేశ్వరపురాణమును రచించి దక్షారామ మాహాత్మ్యమును కీర్తించునాటికే ఈ యాత్రలకు గొప్ప ప్రతిష్ఠ యుండెను. ద్రాక్షారామ భీమేశ్వరాలయమునందలి వందలకొలది శాసనములు అంతకు పూర్వముననే దూరదేశములనుండి అచ్చటికి జనులు వచ్చి దీపములకును, నైవేద్యములకును దానములు చేసిన సంగతిని తెలుపుచున్నవి.

అయితే కార్యార్థియైన బాటసారికి శుభమాసముల నిరీక్షణ ఎల్లప్పుడును సాధ్యము కాదు. వివాహములు వైశాఖ జ్యేష్ఠములందు వచ్చును. వ్యాజ్యములు, వ్యాపారములు తిథులను చూడవు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులునను సామెత పుట్టిన దేశమిది. రాజమహేంద్రవరమున మే మాసమున కొన్ని సంవత్సరములలో ఉష్ణము 45 డిగ్రీలను మించిన దినములు కలవు. దీనికి తోడు సముద్రపుగాలిలోని తేమవలన పట్టిన చెమట ఆరక, దేహము త్వరగా సొమ్మసిల్లును. ఇట్టి కాలమున బండి కట్టువారు రాత్రి భోజనమైన పిమ్మట వెన్నెలలో బయలుదేరి, ప్రొద్దు బారెడెక్కునప్పటికి ఏదో ఒక తోపును గాని సత్రమును గాని చేరి, ఎద్దులను విప్పి, మరల చల్లపడువరకు కదలెడివారు కారు. తలకు తడిపిన తుండుగుడ్డయు, చేత తాటాకు గొడుగును, మూటలో చద్దియు, కడవలో తరవాణియు వారి సాధనసంపత్తి. అన్నపుగంజిని, కడుగునీళ్లను పులియబెట్టి చేయు తరవాణి నేటి పిల్లలకు పేరైనను తెలియదు. చెమటతో పోయిన ఉప్పును, నీటిని తిరిగి దేహమునకు చేర్చి, కడుపును చల్లగా నుంచు పానీయము దానిని మించినది పేదలకు గాని సంపన్నులకు గాని ఆనాడు లేకుండెను. దారిపొడవున చలివేంద్రములుండెడివి. వేసవిలో చలిపందిరి వేయించి, క్రొత్తకుండలలో నీరు నింపి, కొందరు మజ్జిగయు, పానకమును కూడ పోయించి, దాహార్తులను ఆదరించుట పుణ్యకార్యములలో నొకటిగా గృహస్థులు భావించుచుండిరి.

ప్రయాణమును గూర్చి తెలుగున వ్రాసినవారిలో అగ్రగణ్యుడు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణమున సుప్రీముకోర్టునందు దుబాసీగా నుండిన ఈయన 1830 సంవత్సరము మే 18వ తేదీన సపరివారముగా బయలుదేరి, కాశికి పోయి, తిరుగుదారిలో కలకత్తా, పూరి, గంజాముల మీదుగా తూర్పుతీరము వెంట ఈ గోదావరీ ప్రాంతమును దాటి, 1831 సెప్టెంబరు 3న చెన్నపట్టణము చేరెను. కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు ఆయన వ్రాసి పంపిన విశేషములే కాశీయాత్రచరిత్రయై 1838లో అచ్చుపడెను. మజిలీ మజిలీకిని ఊరెట్టిది, నీరు మంచిదా ఉప్పటిదా, దుకాణములున్నవా, బసకు చోటున్నదా, బాట ఇసుకయా రాయియా, దారిలో ఎన్ని ఏళ్లు దాటవలెను అని వివరించుట ఆయన పద్ధతి. తన వెనుక రాబోవు యాత్రికునకు ఉపకరింపవలెనను సంకల్పము ప్రతి పుటయందును కానవచ్చును. యాత్రికునకు హితవు చెప్పు గ్రంథములు తెలుగున వ్రాయదలచువారికి నేటికిని ఇది ఒరవడియని చెప్పదగును.

వీరాస్వామయ్య చూచిన గోదావరీ మండలము క్షామములకును, ఉప్పెనలకును లోబడి కృశించుచున్న మండలము. 1833లో గొప్ప కరవు వచ్చెను. 1839లో కోరంగి ఉప్పెనపాలయ్యెను. ఇట్టి దుఃస్థితినుండి దేశమును ఉద్ధరించుటకు ఆర్థరు కాటను దొర ప్రతిపాదించిన ఆనకట్ట 1847లో ఆరంభింపబడి 1852లో పూర్తియయ్యెను. ఆనకట్టవలన పైరులకు నీరు వచ్చినదని అందరును ఎరుగుదురు; బాటసారికి క్రొత్తమార్గము లభించిన సంగతిని అంతగా తలంపరు. కాటను దొర కాలువలను వ్యవసాయమునకే గాక నౌకాయానమునకును పనికివచ్చునట్లు నిర్మించెను. ధవళేశ్వరమునుండి తూర్పు డెల్టాకును, బొబ్బర్లంకనుండి మధ్య డెల్టాకును, విజ్జేశ్వరమునుండి పశ్చిమ డెల్టాకును కాలువలు సాగి, విజ్జేశ్వరముకడ బయలుదేరిన కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఏలూరు చేరి, అచ్చట కృష్ణ కాలువతో కలిసెను. ఆ పిమ్మట దక్షిణమున కొమ్మమూరు కాలువయు, బకింగుహాము కాలువయు తోడగుటచే, కాకినాడలో పడవ ఎక్కినవాడు సముద్రమును చూడకయే చెన్నపట్టణమున దిగుటకు వీలు కలిగెను.

ఆ పడవప్రయాణము ఈ మండలపు జీవనమున సుమారు నూరేండ్లు ప్రధానస్థానము వహించెను. పైన తాటాకు గూడు గల పడవలో చాపలు పరచుకొని కుటుంబములు ప్రయాణము చేయుచుండెను. గాలి అనుకూలించినచో తెరచాప ఎత్తుటయు, లేనిచో కళాసీలు గట్టుపై నడచుచు త్రాటితో పడవను లాగుటయు, లోతు తక్కువయైనచోట గడలు వేయుటయు పరిపాటి. లాకులకడ నీరు సరితూగువరకు పడవ నిలువవలసియుండెను. ఆ వ్యవధిలో ప్రయాణికులు గట్టునకు దిగి వంట చేసికొనుటకును, స్నానము చేయుటకును అవకాశముండెడిది. అందుచేతనే లాకులకడ అంగళ్లును, పూటకూళ్లును, తుదకు పేటలును వెలసెను. సాయంకాలము పడవ ఎక్కి రాత్రియెల్ల నిద్రించి తెల్లవారునప్పటికి ఊరు చేరుట వేసవిదినములలో గొప్ప సుఖమని వృద్ధులు చెప్పెడివారు. అయితే ఆ సుఖమునకును అవధి యుండెను. ఏటేట వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయబడును. ఎండ ముదురు దినములలోనే పడవలు నిలిచిపోయెడివి గనుక, కాలువ కట్టకమునుపే పనులు ముగించుకొనుట, ఊరిచెరువును త్రాగునీటితో నింపుకొనుట గృహస్థుని ముందుచూపునకు గుర్తుగా నెంచబడుచుండెను.

బాటయు, పడవయు ఎంత సుగమమైనను, దారిలో అన్నము దొరకనిచో ప్రయాణము సాగదు. ఈ విషయమున గోదావరీ మండలము ఆర్జించిన కీర్తి సామాన్యమైనది కాదు. రాజమహేంద్రవరమున నాళమువారి సత్రమువంటివి గోదావరీస్నానమునకు వచ్చు యాత్రికులకు ఆశ్రయమిచ్చెను. సత్రములు ధనవంతులు కట్టించినవి. గృహమునే సత్రముగా మార్చిన పుణ్యచరిత డొక్కా సీతమ్మ. 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరమున డొక్కా జోగన్న ఇల్లాలై, 1909లో దివంగతురాలగువరకు ఆమె వేళను గాని కులమును గాని విచారింపక వచ్చినవారికెల్ల అన్నము పెట్టెను. లంకల గన్నవరము ఏటి యొడ్డున నున్నది. కోనసీమలోని వివిధ గ్రామములకు రాకపోకలు చేయువారు రేవుకడ నిలిచిపోవలసినచోటు అది. పడవ దాటిపోయి రాత్రి చిక్కుబడినవానికి, వరదలో తడిసి వచ్చినవానికి, పురిటిబిడ్డతో ప్రయాణము చేయు తల్లికి ఆ ఇంటి తలుపు తెరచియుండెను.

ఆమె ఒకప్పుడు అంతర్వేది స్వామిదర్శనమునకు పల్లకిలో బయలుదేరగా, దారిలో ఆకలిగొన్న పిల్లలను, ఇంకెంతసేపు, గన్నవరము చేరితిమా సీతమ్మగారు అన్నము పెట్టుదురని ఊరడించుచున్న ఒక కుటుంబపువారి మాటలు ఆమె చెవినిబడెనట. ఆమె వెంటనే పల్లకిని త్రిప్పించి, వారికంటె ముందుగా ఇల్లు చేరి వంట చేయించెనని ఈ మండలమున నేటికిని చెప్పుకొందురు. క్షేత్రమునకు పోవు పుణ్యముకంటె క్షేత్రమునకు పోవువాని ఆకలి తీర్చు పుణ్యము అధికమని ఆమె తలంచెను. పి.గన్నవరమున వైనతేయపై నిర్మింపబడిన క్రొత్త అక్విడక్టునకు ఆమె పేరు పెట్టుటయు, ఆంధ్రప్రదేశమున బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకము ఆమె పేర నడచుటయు సముచితములు.

పంతొమ్మిదవ శతాబ్దాంతమున రైలు వచ్చెను. 1893 ప్రాంతమున రెండు దిక్కులనుండి ఇనుపదారులు గోదావరీతీరములను చేరినను, నడుమ నది యుండుటచే ప్రయాణికులు కొవ్వూరున దిగి, నీటిమీద రాజమహేంద్రవరము చేరి, మరల రైలెక్కవలసివచ్చెను. 1897లో ఆరంభమైన వంతెన 1900 సంవత్సరము ఆగస్టు 30న తెరువబడెను. మదరాసు గవర్నరు హేవలాకు పేర వెలసిన ఆ 56 ఖానాల వంతెన 1997వరకు రైళ్లను మోసెను. 1974లో రోడ్డును, రైలుమార్గమును కలిపిన వంతెన వచ్చెను. కాలక్రమమున జొన్నాడ, సిద్ధాంతము, చించినాడ, యానాముల చేరువను వంతెనలు వెలసి, కోనసీమకు రేవుల బెడదను చాలవరకు తొలగించెను. పడవలు కాలువలనుండి క్రమముగా అదృశ్యమయ్యెను. లాకులు నీటిని మాత్రమే కాచుచున్నవి. రోగులు, విద్యార్థులు, రైతులు పొందిన మేలు నిరాక్షేపణీయము. దీనితోపాటు ఒక నష్టమును కలిగెను. ఏటిని అడిగి బయలుదేరు అలవాటు పోయెను. వంతెనపై క్షణములో నదిని దాటిపోవువానికి ఆ నది యే స్థితిలో నున్నదో తెలియవలసిన అవసరము తోచదు.

కాని గోదావరి స్వభావము మారలేదు. ఆషాఢమున పైదేశములందు వానలు కురియగానే ఎఱ్ఱనీరు వచ్చును. ఆ బురదనీటిని ఇండుపగింజను అరగదీసి తేర్చి, వడగట్టి, కాచి త్రాగెడివారు మన పూర్వులు. పిమ్మట వరద. 1986 ఆగస్టులో భద్రాచలముకడ నీరు 75.6 అడుగుల మట్టమునకు లేచి, డెల్టాను అల్లకల్లోలము చేసెను. 2022 జూలైలో 71 అడుగులు దాటెను. లంకవాసులు భద్రాచలపు మట్టమును చెవియొగ్గి వినుట ఇందుచేతనే. ధవళేశ్వరముకడ నీటిమట్టము 11.75 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 13.75కు రెండవదానిని, 17.75కు మూడవదానిని జారీచేయుదురు. ఎదురుబిడియము, కనకాయలంక కాజ్‌వేలు వరదలో మునిగి, ఆ ఊళ్లకు మరల పడవయే శరణ్యమగును. శరత్కాలాంతమున వాయుగుండముల భయము వేరొకటి; 1996 నవంబరు 6వ తేదీనాటి తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చి, వేయిమందికి పైగా ప్రాణములను హరించెను.

ఈ హెచ్చరికలను పెడచెవిని బెట్టిన ఫలితము ఘోరమని చెప్పుటకు దూరము పోనక్కరలేదు. 2019 సెప్టెంబరు 15న, వరద నడుచుచుండగానే పాపికొండల విహారమునకు బయలుదేరిన బోటు కచ్చులూరుకడ మునిగి సుమారు యాబదిమంది మరణించిరి. ఏటి పోకడ ఎరిగిన పూర్వపు పడవవారు వరదనీటిలో ప్రయాణికుల నెక్కించుకొని పాపికొండల నడిమి సన్నని గండిలో ఎదురేగుటకు సాహసించెడివారు కారు. అంతకు నాలుగేండ్లకు ముందు, 2015 జూలై 14న, పుష్కరముల మొదటి దినముననే రాజమహేంద్రవరమున ఒక్క రేవునందే జనము క్రిక్కిరియుటచే తొక్కిసలాట జరిగి ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. గురుడు సింహరాశిని ప్రవేశించుటను బట్టి వచ్చు పుష్కరము తక్కిన యాత్రలవలె చల్లని మాసములను ఎంచుకొనదు. అందుచేత దానికి తక్కిన యాత్రలకంటె ఎక్కువ ముందుచూపు కావలెను. నదియంతయు తీర్థమేయైనపుడు, ఒక్క రేవున ఒక్క ముహూర్తమున మునుగవలెనను పట్టుదలకు శాస్త్రమున ఆధారము లేదు.

కావున ఈ మండలమునకు రాదలచువారికి చరిత్ర చెప్పు హితవు నిట్లు సంగ్రహింపవచ్చును. రాకకు అనువైన కాలము కార్తికమునుండి శివరాత్రివరకు; అందును సంక్రాంతి మొదలు భీష్మైకాదశివరకు గల దినములు ఉత్తమములు. కార్తికమున వచ్చువారు వాయుగుండముల వార్తలను గమనించుచుండవలెను. వేసవిలో రాక తప్పనివారు తెల్లవారుజామున దేవాలయములను, తీరములను చూచి, పదిగంటలలోపల నీడకు చేరి, సాయంకాలము నాలుగు దాటినగాని బయటికి రాకుండుట శ్రేయస్కరము. పంచారామములలో రాతినేల మధ్యాహ్నమున పాదములను కాల్చును. నూలుబట్టలు ధరించి, తలపై గుడ్డ వేసికొని, దారిలో దొరకు తాటిముంజలు, కొబ్బరిబోండాము, పలుచని మజ్జిగ పుచ్చుకొనవలెను. మంచుగడ్డ వేసిన రంగునీళ్లకంటె ఇవి దేహమునకు మేలు. ఆషాఢమునుండి భాద్రపదమువరకు పులసచేప రుచికై, వరదగోదావరి వైభవమునకై వచ్చువారు ధవళేశ్వరపు మట్టమును తెలిసికొనియే బయలుదేరవలెను. హెచ్చరిక యున్న దినమున లాంచీ ఎక్కరాదు. ఏ దినముననైనను రక్షకకవచము తొడుగక బోటున కాలు మోపరాదు. కోటిపల్లినుండి ముక్తేశ్వరమునకును, నరసాపురమునుండి సఖినేటిపల్లికిని నేటికిని పంటు పడవపై దాటువారు కడపటి పంటు వేళను ముందే విచారించుకొనవలెను. వరదలో పంటు నిలిచినచో అంతర్వేదికి చించినాడ వంతెన మీదుగా, రాజోలు దారిని పోవచ్చును. అన్నింటికంటె ముఖ్యమైనది, రేవులోని మనిషి మాటను వినుట. నీరు నేడు బాగులేదని పల్లెకారు చెప్పినచో తర్కింపక వెనుదిరుగుటే వివేకము.

బాటసారికి ధర్మములున్నట్లే బాటసారిని ఆదరించువారికిని ధర్మములున్నవి. 2027లో గోదావరి పుష్కరములు మరల రానున్నవి. వేసవి వేడి పూర్తిగా తగ్గక, తొలివరద పొంచియుండు కాలమున లక్షలకొలది జనులు ఈ తీరములకు వత్తురు. ప్రభుత్వము చేయవలసిన ఏర్పాటులు ప్రభుత్వము చేయును గాక. రాజమహేంద్రవరమునకే గాక కొవ్వూరు, ధవళేశ్వరము, కోటిపల్లి, అంతర్వేది రేవులకును జనమును మళ్లించుట, నీడకు పందిళ్లు వేయుట, మట్టము తెలుపు పలకలను ప్రతిరేవున నిలుపుట అందులో మొదటివి. అయితే సీతమ్మగారు ఏ ప్రభుత్వపు ఉత్తరువునకును ఎదురుచూడలేదు. ఈ మండలమున దారిప్రక్క ఇల్లుగల ప్రతి గృహస్థుడును ఒక చలివేంద్రమును నడపి, ప్రతి గ్రామమును ఒక సత్రమును బాగుచేసికొని, ప్రతి పడవవాడును వరదనాడు పడవ కట్టివేసినచో, ఇచ్చటికి వచ్చు బాటసారి సురక్షితముగా ఇల్లు చేరును. ఆ పూనికను ఈ ఏడాదినుండియే ఆరంభింపుడని గోదావరీ మండలవాసులను ప్రార్థించుచున్నాను.